నిన్నటిదాకా ఆడిన సిస్టమ్ ఉన్నట్టుండి ఆన్ కాకపోతే: ముందు కరెంటు ఎక్కడ ఆగిందో చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చీమకుర్తిలో ఇల్లు, పెళ్ళి వీడియోల ఎడిటింగ్ పని. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యాములు రెండు, ఒక గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని సిస్టమ్‌కి పనికొచ్చేలా మార్చి ఇచ్చే డబ్బా)తో రెండేళ్ల కింద నువ్వే బిగించుకున్న సిస్టమ్. మొన్న రాత్రి వానలో కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. ఒకసారి రావడం రావడమే బల్బులు విపరీతంగా వెలిగాయి, అప్పుడే సిస్టమ్ ఆగిపోయింది. తెల్లారి బటన్ నొక్కితే చిన్న చప్పుడు కూడా లేదు. తెలిసినవాళ్లకి చూపిస్తే "మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలవుద్ది, ఎటూ ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నారు. శనివారం ఇవ్వాల్సిన రెండు పెళ్ళిళ్ల ఫుటేజీ అందులోనే ఉంది.

నీ టెన్షన్ ఫుటేజీ గురించి కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. ఫార్మాట్ మాట ఎవరన్నా ఒప్పుకోవద్దు. బటన్ నొక్కితే ఫ్యాన్ కూడా కదలని సిస్టమ్‌కి, డిస్కులో ఉన్న విండోస్‌కి సంబంధమే లేదు. విండోస్ దాకా పని వెళ్లనే లేదు. నీ ఫైళ్లున్న డిస్కు, అదే ఎస్‌ఎస్‌డీ, నెమ్మదిగా విప్పి, బోర్డు మీదే బిగించే సన్నటి ఎన్‌వీఎంఈ రకమైతే దానికి సరిపోయే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి, ఎవరిదైనా ల్యాప్‌టాప్‌కి తగిలించు. చాలా వరకు నీ ఫోల్డర్లు అట్టాగే కనిపిస్తాయి. డిస్కుకి విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడుగుతుంది, అది నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికే అవకాశం ఉంది. ఫుటేజీ ఇంకో డిస్కులోకి కాపీ అయ్యాక, మనసు కుదుటపడ్డాక మిగతా రిపేరు మొదలుపెట్టు. కంగారులో స్క్రూడ్రైవర్ పడితే లేని జబ్బులు కొత్తగా వస్తాయి.

ఒంగోలులో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. "ఆన్ కావట్లేదు" అని అందరూ ఒకటే మాట చెబుతారు గానీ అందులో మూడు వేరువేరు జబ్బులున్నాయి. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి. ఫ్యాన్ ఒక్కసారి విదిలించి ఆగిపోవడం రెండోది. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు, అది మూడోది. నీది మొదటిది. ఈ మొదటి రకంలో మదర్‌బోర్డు పోయిందని తేల్చడం ఆఖర్న జరగాల్సిన పని. బోర్డుని నేరుగా చూసి పోయిందని చెప్పడం కుదరదు. దాని ముందున్నవన్నీ బాగున్నాయని తేలాకే అది పోయినట్టు. చివరి మడికి నీళ్లు రాకపోతే తూము దగ్గర్నుంచి కాలవ గట్టు మీద నడుచుకుంటూ వస్తాం కదా, ఇదీ అంతే. గోడ దగ్గర బయలుదేరి రా, కరెంటు ఎక్కడ ఆగిందో అక్కడ దొరుకుతుంది.

ముందు యూపీఎస్ పక్కన పెట్టు. దాని మీద పచ్చ లైటు వెలుగుతున్నంత మాత్రాన వెనక సాకెట్లో కరెంటు ఉందని నమ్మకూడదు. స్పైక్ బస్టర్ కూడా తీసేసి సిస్టమ్ తీగని నేరుగా గోడ సాకెట్‌లో పెట్టు. అదే సాకెట్లో ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టి తిరుగుతుందో లేదో చూసుకో. ఎస్‌ఎంపీఎస్ వెనక చిన్న స్విచ్ ఉంటుంది, గీత గుర్తు ఉన్న వైపు నొక్కి ఉండాలి. ఇల్లు ఊడ్చేటప్పుడు క్యాబినెట్ జరిపితే ఆ స్విచ్ గోడకి తగిలి ఆగిపోయిన కేసులు నా దగ్గరికి చాలా వచ్చాయి. పవర్ తీగ కూడా మార్చి చూడు.

దీని తర్వాతిది పైసా ఖర్చు లేని పని, నీ కేసులో పనిచేసే అవకాశం బాగా ఉన్నది కూడా. తీగ పూర్తిగా పీకేసి, ముందున్న పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకో. తర్వాత పదిహేను నిమిషాలు అట్టా వదిలేసి, మళ్లీ పెట్టి నొక్కు. ఎందుకంటే, కాస్త మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో వోల్టేజీ హద్దు దాటినా, ఎక్కడైనా షార్ట్ తగిలినా తనంతట తనే మూసుకుపోయే రక్షణ ఉంటుంది. ఒకసారి మూసుకుంటే, వచ్చే కరెంటు పూర్తిగా తెగి, లోపల కరెంటుని దాచుకునే కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా చాలాసార్లు తెరుచుకోదు. గోడ స్విచ్ ఒక్క సెకను ఆపి వేస్తే సరిపోకపోవచ్చు. కరెంటు ఎగిరిపడిన రాత్రి తర్వాత చచ్చినట్టున్న సిస్టమ్‌లు ఈ ఒక్క పనితో లేచి కూర్చోవడం నేను ప్రతి వానాకాలం చూస్తాను.

దానికీ లేవకపోతే పక్క డోర్ విప్పు. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా, తీగ పెట్టి ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ ఒక 5 వోల్టుల లైను బోర్డుకి ఇస్తూనే ఉంటుంది. దాన్ని స్టాండ్‌బై అంటాం. బటన్ నొక్కిన సంగతి బోర్డుకి తెలియాలంటే ఆ 5 వోల్టులు ఉండాలి. కొన్ని బోర్డుల మీద దానికి చిన్న లైటు ఉంటుంది. లైటు లేకపోతే మల్టీమీటర్ పెట్టు. పసుపురంగు డబ్బా మీటరు ఎలక్ట్రికల్ షాపులో మూడొందల్లో వస్తుంది, సొంతంగా సిస్టమ్ బిగించుకునేవాళ్ల దగ్గర అదొకటి ఉండాలి. మీటరుని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ప్రోబ్‌ని ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి వచ్చే పెద్ద 24-పిన్ కనెక్టర్‌లో ఏదైనా నల్ల తీగ వెనక నుంచి, ఎర్ర ప్రోబ్‌ని ఊదారంగు తీగ వెనక నుంచి లోపలికి ఆనించు. 4.75కి 5.25కి మధ్యలో చూపిస్తే స్టాండ్‌బై బాగున్నట్టు. సున్నా చూపిస్తే కనెక్టర్‌ని బోర్డు నుంచి పీకి మళ్లీ చూడు. అప్పుడూ సున్నాయే అయితే జబ్బు ఎస్‌ఎంపీఎస్‌ది, బోర్డు జోలికి పోనక్కర్లేదు. పీకితే 5 వచ్చి, పెడితే పడిపోతుంటే బోర్డు మీద ఏదో ఆ లైనుని కిందికి లాగుతోంది.

స్టాండ్‌బై ఉండి కూడా కదలకపోతే బటన్‌ని అనుమానించు. నిజంగానే చెబుతున్నాను. క్యాబినెట్ బటన్ వెనకుండే చిన్న స్విచ్ చాలా నాసిరకం సరుకు, దానికి తోడు మీ ఊరి గ్రానైట్ పొడి. బోర్డు కింది మూలన ముందు ప్యానెల్ తీగలు దిగే చోట "పవర్ స్విచ్" అని రెండు పిన్నులుంటాయి. ఆ తీగ పీకి, రెండు పిన్నులనీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి వదిలేయ్. స్టార్ట్ అయిందంటే పోయింది యాభై రూపాయల బటనే. అప్పటికి రీసెట్ బటన్ తీగని పవర్ పిన్నులకి పెట్టుకుని పని నడిపించుకోవచ్చు. ఇదే బటన్ లోపలికి ఇరుక్కుపోతే ఇంకో రకంగా కనపడుతుంది. సిస్టమ్ ఆన్ అయి సరిగ్గా నాలుగైదు సెకన్లకి ఆగిపోతుంది, ఎందుకంటే బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆపేయమనే కదా అర్థం. దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ మార్పించినవాళ్లున్నారు.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ని ఒంటరిగా పరీక్షించాలి. గోడ తీగ పీకేసి, బోర్డు నుంచి, డిస్కుల నుంచి, కార్డు నుంచి దాని కనెక్టర్లన్నీ తియ్యి. ఒక జెమ్ క్లిప్పుని యూ ఆకారంలో వంచి, 24-పిన్ కనెక్టర్‌లో పచ్చ తీగ రంధ్రానికి, దాని పక్కనున్న నల్ల తీగ రంధ్రానికి కలిపి పెట్టు. కరెంటు వాడుకునే లోడ్‌గా ఒక క్యాబినెట్ ఫ్యాన్ తగిలించు. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌ల సొంత ఫ్యాన్ వేడెక్కేదాకా తిరగదు, దాన్ని చూసి పోయిందనుకోవద్దు. తర్వాతే గోడ తీగ పెట్టి స్విచ్ వెయ్యి. ఫ్యాన్ తిరిగితే మీటరుతో కొలువు. పసుపు తీగ 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు 4.75 నుంచి 5.25 మధ్య, నారింజ 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. నీ దానికి తీగలన్నీ నలుపు రంగే అయితే ఊహించి పెట్టకు, కంపెనీ మాన్యువల్‌లో పిన్నుల బొమ్మ చూసే పెట్టు. కొలతలు బాగున్నా అసలు లోడ్ మీద కుంగిపోయే ఎస్‌ఎంపీఎస్‌లు ఉంటాయి గనక, వీలైతే స్నేహితుడి దగ్గర నుంచి బాగున్నది ఒకటి తెచ్చి పెట్టి చూడటం అన్నిటికన్నా ఖాయమైన పద్ధతి. ఒక్క జాగ్రత్త, ఆ ఎస్‌ఎంపీఎస్ కంపెనీ ఒకటే అయినా దాని తీగలు దానికే వాడు. మాడ్యులర్ తీగలు, అంటే డబ్బా నుంచి విడిగా ఊడొచ్చేవి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపల వరస వేరుగా ఉండొచ్చు. మార్చి పెడితే డిస్కులు కాలిపోవచ్చు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు తమ్ముడూ. ఫ్యూజు పోయుంటుంది, మార్చేద్దాం అని ఎవరైనా చెప్పినా విప్పొద్దు. మన 230 వోల్టులు లోపల డీసీగా మారేసరికి 325 వోల్టుల దాకా అవుతాయి, పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉన్న వాటిల్లో 380, 400 వరకూ పోతుంది. తీగ పీకేశాక కూడా ఆ పెద్ద కెపాసిటర్ దాన్ని దాచిపెట్టుకునే ఉంటుంది. పైగా ఫ్యూజు పోయిందంటే దాని వెనక ఏదో షార్ట్ అయి పోయింది. ఫ్యూజు ఒక్కటి మారిస్తే మళ్లీ పేలుతుంది. రెండేళ్ల కింద కొన్నావు, బిల్లు ఉంటే వెతుకు. పేరున్న ఎస్‌ఎంపీఎస్‌లకి మూడేళ్లు, అయిదేళ్లు, ఇంకా పైనే వారంటీ ఇస్తారు. డబ్బా విప్పితే ఆ వారంటీ పోతుంది.

ఎస్‌ఎంపీఎస్ బాగుందని తేలితే అప్పుడు బోర్డు దగ్గరికి రా. ముందు గ్రాఫిక్స్ కార్డు తీసేసి బటన్ నొక్కు. ఫ్యాన్లు తిరిగితే షార్ట్ ఆ కార్డులోనే ఉంది. నీ 5600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి కార్డు తీశాక డిస్‌ప్లే రాదు, అది మామూలే. ఇక్కడ ఫ్యాన్ తిరిగిందా లేదా అన్నదొక్కటే చూడు. కార్డు తీసినా కదలకపోతే, ప్రాసెసర్ పక్కన దిగే 8-పిన్ తీగ పీకి, 24-పిన్ ఒక్కటే ఉంచి నొక్కు. ఇది నా పనిలో నేను ఎక్కువ నమ్మే పరీక్ష. 8-పిన్ ఉన్నప్పుడు కదలని బోర్డు, అది పీకగానే ఫ్యాన్లు తిప్పిందంటే, ప్రాసెసర్‌కి కరెంటు దించి ఇచ్చే చిన్న చిప్పులు, అదే మాస్‌ఫెట్లలో, ఒకటి షార్ట్ అయినట్టు. పోయిన ఏడు ఇట్టాంటిదే ఒక బోర్డు బల్ల మీద పెట్టి భూతద్దంతో చూశాను. హీట్‌సింక్ విప్పితే వరసగా ఎనిమిది నల్ల చిప్పులు, వాటిలో ఒకదాని నడిమధ్య ఆవగింజంత గుంట, చుట్టూ గోధుమరంగు మరక. ముక్కు దగ్గరికి తీసుకెళితే కాలిన వాసన. బోర్డు మీది 8-పిన్ సాకెట్లో పసుపు తీగ దిగే పిన్నుకి, నల్ల తీగ దిగే పిన్నుకి మీటరుని బీప్ మోడ్‌లో పెడితే ఆగకుండా మోగింది. అలాంటి బోర్డుకి చిప్ లెవెల్ పని తెలిసినవాళ్లు ఆ మాస్‌ఫెట్ మార్చి ఇస్తారు, కొత్త బోర్డు కొనేంత ఖర్చు కాదు. నీ మీటరుతో నువ్వు కూడా ఇదే చూడొచ్చు, సిస్టమ్‌కి తీగ లేకుండా.

8-పిన్ పీకినా కదలకపోతే బోర్డుని క్యాబినెట్‌లోంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి ప్రయత్నించు. బోర్డు వెనక జారిన స్క్రూ ఒకటి, తప్పుచోట బిగించిన స్టాండాఫ్ (బోర్డుని రేకుకి తగలకుండా పైకెత్తి పట్టే చిన్న గుబ్బ) ఒకటి, రెండేళ్లు ఏమీ అనకుండా ఉండి ఒకరోజు తగిలి షార్ట్ చెయ్యగలవు. వానాకాలంలో అయితే బల్లి కూడా. వెచ్చదనానికి దూరి, చచ్చి, బోర్డుకి అంటుకుపోయి ఉంటుంది. బయటపెట్టాక కూడా, ఎస్‌ఎంపీఎస్ బాగుండి, స్క్రూడ్రైవర్‌తో పిన్నులు కలిపినా కదలకపోతే, అప్పుడు బోర్డు అన్న మాటకి అర్థం ఉంటుంది. బోర్డు మీది నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టడం ఆ లోపే చేసెయ్యి, పెద్ద పనేం కాదు.

ప్రాసెసర్ కూలర్ విప్పాల్సి వస్తే మాత్రం ఆగు. నీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 రకం సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ప్రాసెసర్‌కి కూలర్‌కి మధ్య పూసిన పేస్ట్ ఎండిపోయి పట్టేసి, కూలర్ పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. అటూ ఇటూ మెల్లగా తిప్పి పట్టు వదిలించి తియ్యాలి. సిస్టమ్ నడవట్లేదు గనక వేడి ఉండదు, పేస్ట్ గట్టిగా ఉంటుంది. అమ్మ తల ఆరబెట్టుకునే డ్రైయర్ ఉంటే కూలర్ మీద రెండు నిమిషాలు ఆడించి తర్వాత తిప్పు.

ఇక ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాని దశకి వచ్చావంటే సగం గెలిచినట్టు. చాలా బీ550 బోర్డుల మీద ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి, ఏది వెలిగి ఆగితే జబ్బు అక్కడ. ర్యామ్ దగ్గర ఆగితే ఒక్క స్టిక్కే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి చూడు. కొత్తపట్నం నుంచి ఒకాయన సిస్టమ్ తెచ్చాడు, ఇల్లు సముద్రానికి దగ్గర. అప్పటికే వేరేచోట్ల ఎస్‌ఎంపీఎస్ మార్పించాడు, మానిటర్ కూడా కొత్తది కొన్నాడు. ర్యామ్ తీసి చూస్తే బంగారు పూత పళ్ల అంచుల్లో సన్నగా పచ్చటి చిలుము. ఉప్పుగాలి చేసే పని అది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది పుల్ల పెట్టి తుడిచి, స్లాట్‌లో మెత్తటి బ్రష్ ఆడించి పెడితే డిస్‌ప్లే వచ్చేసింది. ఇరవై రూపాయల పనికి ఆయన పన్నెండు వేలు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అంచనా మీద పార్టు మార్చే పని నేను పూర్తిగా మానేశాను. రబ్బరుతో రుద్దమని చాలామంది చెబుతారు. తప్పనిసరైతే తెల్ల రబ్బరుతో ఒక్కసారి మెత్తగా, అంతే. గట్టిగా రుద్దితే పూత పోయి చిలుము ఇంకా తొందరగా వస్తుంది.

సిస్టమ్ లేచాక కూడా రెండు సంగతులు వదిలెయ్యకు. మీ ఊళ్లో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల బూడిదరంగు పొడి సన్నగా, పిండిలాగా ఉంటుంది. ఎండగా ఉన్నన్నాళ్లూ అది గాలిని మూసి వేడి పెంచుతుందే తప్ప ఇంకేం చెయ్యదు. ముసురు పట్టిందంటే తేమ పీల్చుకుని బోర్డు మీద, ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటుకి అడ్డదారి అవుతుంది. మూడు నెలలకొకసారి బ్లోయర్‌తో ఊదు, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో. పంక్చర్ షాపు గాలి మాత్రం కొట్టించకు, ఆ గాలిలో నీళ్లూ ఆయిలూ వస్తాయి.

రెండోది ఎర్తింగ్. ఇది నేను గొంతు చించుకుని చెప్పాలనుకునే మాట. ఒట్టి కాళ్లతో క్యాబినెట్ ముట్టుకుంటే ఎప్పుడన్నా జివ్వుమందా? అట్టా అనిపించి ఉంటే నీ సాకెట్‌లో మూడో రంధ్రానికి ఎర్త్ లేనట్టే. ఎస్‌ఎంపీఎస్ మొదట్లో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు కరెంటు రొదని ఎర్త్‌లోకి పంపాలి. ఎర్త్ లేకపోతే ఆ దారి మూసుకుపోయి, క్యాబినెట్ రేకు మీద సగం వోల్టేజీ, అంటే 110 పైచిలుకు, తేలుతూ ఉంటుంది. ఎగిరిపడిన కరెంటుని భూమిలోకి దించాల్సిన దారి కూడా అదే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజుకి ఎర్త్‌కి మధ్య, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య కొలిపించు. మొదటిది 230 దగ్గర, రెండోది రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. లేకపోతే ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు కొత్తగా వేయించి తీగ బిగింపించు, ఎండాకాలం దాంట్లో నీళ్లు పొయ్యండి.

యూపీఎస్ సంగతి కూడా ఒక మాట. 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. రెండరింగ్ నడుస్తుండగా కరెంటు పోతే నీ ప్రాసెసర్, కార్డు కలిపి అంత దాటిపోవచ్చు, అప్పుడు యూపీఎస్ ఉండి కూడా సిస్టమ్ దభేల్మని ఆగుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనక స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోవాలి.

ఎస్‌ఎంపీఎస్సే పోయిందని తేలితే, పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయినా, ఎవరితోనైనా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పించుకున్నా, ఇక్కడే కొన్నా, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు, పక్కా బిల్లు, వారంటీ కార్డు ఉన్నదే తీసుకో. ధర తక్కువని స్టిక్కర్ మీద 500 వాట్లు రాసిన పేరులేని డబ్బా మాత్రం ఆ బోర్డుకి పెట్టకు.

ఈ రాత్రికి ఎస్‌ఎస్‌డీ తీసి ఫుటేజీ కాపీ చేసుకో. రేపు పొద్దున తీగ పీకి పదిహేను నిమిషాలు ఆగి చూడు. లేవకపోతే నాకు మూడు సంగతులు రాయి: ఊదా తీగ మీద మీటరు ఎంత చూపించింది, జెమ్ క్లిప్పు పెడితే ఫ్యాన్ తిరిగిందా, 8-పిన్ పీకినప్పుడు ఏమన్నా కదిలిందా. ఆ మూడూ తెలిస్తే ఏ పార్టు పోయిందో ఇక్కడి నుంచే చెబుతాను. అంతదాకా ఏదీ కొనొద్దు, ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు.